మళ్లీ ‘అ, ఆ’ల నుంచి మొదలుపెట్టకండి

ప్రశ్న: నేను ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయినిని. రెండేళ్లుగా నా దగ్గర చదువుతున్న పిల్లల్లో ముగ్గురికి చదవడం, రాయడం పట్టుబడడం లేదు. తొమ్మిదేళ్ల బాబు ఒకడికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి, ఉందని పరీక్షించినవారు చెప్పారు. కథలు చక్కగా చెబుతాడు కానీ రెండు వాక్యాలు చదవమంటే బిక్కమొహం వేస్తాడు. ఒక పాపకు పుట్టుకతో వచ్చే జన్యుపరమైన స్థితి డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆమెకు అక్షరాలెందుకు, అల్లరి చేయకుండా కూర్చుంటే చాలు అని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. మూడో బాబుకు ఆటిజం. ఏ పుస్తకం ఇచ్చినా గడగడా చదివేస్తాడు, ఏం చదివావని అడిగితే ఒక్క మాటా చెప్పడు. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి ‘అ, ఆ’ల నుంచి రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ గుణింతాల దగ్గరే ఆగిపోయాము. వీరికి ఏ పద్ధతి పనికివస్తుంది? రోజుకు ఎంతసేపు కేటాయించాలి? చేతితో రాయించడం తప్పనిసరా? ‘మా పిల్లలు అందరిలా చదువుతారా’ అని తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి?

సమాధానం: ఉపాధ్యాయిని గారికి నమస్కారం.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘రెండుసార్లు మొదలుపెట్టాను’ అన్నది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసిన ఇన్నేళ్లలో, మొదటి నుంచి మళ్లీ చెప్పడం వల్ల చదువు వచ్చిన పిల్లలను నేను చూడలేదు. అక్షరమాల పట్టిక దగ్గరకు తిరిగి వెళ్లినప్పుడల్లా, తెలిసినదాన్ని మళ్లీ వినే విసుగు ఒక పక్క, తెలియనిది ఎప్పటికీ రాదన్న దిగులు మరో పక్క పిల్లల మనసులో చేరుతాయి. మీ ముగ్గురు పిల్లలూ ఆగిపోయిన చోట్లు మూడు, అవి ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. మూడో బాబుకైతే ‘అ, ఆ’లతో పనే లేదు. అందువల్ల పద్ధతి ఏదన్న ప్రశ్నకు ముందు, ఒక్కొక్కరు సరిగ్గా ఎక్కడ ఆగారో కనిపెట్టడం మొదటి పని అని నా నమ్మకం.

దీనికి ఒక పాత సూత్రం ఇప్పటికీ ఎంతో సాయపడుతుంది. గఫ్, టన్‌మర్ అనే పరిశోధకులు 1986లో, చదివి అర్థం చేసుకోవడమన్నది అక్షరాలను మాటగా మార్చగల శక్తిని, భాషను విని గ్రహించగల శక్తిని గుణించగా వచ్చే ఫలితమని ప్రతిపాదించారు. వాటిని కూడకుండా గుణించడంలోనే ఆ సూత్రం విలువంతా ఉంది. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే, ఒకటి ఎంత పెద్దదైనా రెండోదాని లోటును పూడ్చలేదు. మీ మొదటి బాబుకు భాష పుష్కలంగా ఉంది, అక్షరం మాటగా మారడం లేదు. మూడో బాబుకు అక్షరం క్షణంలో మాటగా మారుతోంది, ఆ మాట అర్థానికి చేరడం లేదు. పాపకు రెండింటిలోనూ కొంత కొంత సాయం కావాలి. ముగ్గురికీ ఒకే పాఠం ఎందుకు పనిచేయలేదో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

పాఠం మొదలుపెట్టేలోపు పాప వినికిడిని, చూపును తప్పక పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కర్ణభేరి వెనుక ద్రవం చేరి వినికిడి తగ్గడం చాలా సాధారణం, పైగా అది ఒక నెల బాగుండి మరో నెల తగ్గుతూ ఉంటుంది కనుక ఇంట్లోవారు గమనించకపోవచ్చు. ‘ప’కు ‘బ’కు తేడా చెవికే అందని పిల్లకు ఆ తేడా పలక మీద ఎన్నిసార్లు చూపినా నిలవదు. దగ్గరి వస్తువు మీద చూపు నిలపడంలో ఇబ్బంది కూడా ఈ పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది కాబట్టి పెద్ద అక్షరాలు, నల్లని మందపాటి గీతలు, పేజీకి కొద్దిపాటి మాటలు ఉండేలా చూడాలి.

ఇక మొదటి బాబు సంగతి. డిస్లెక్సియా తెలివికి సంబంధించిన లోపం కాదని మీకు తెలుసు, కానీ ఆ సంగతి ఆ బాబుకు కూడా తెలుసునా? తొమ్మిదేళ్లకే ‘నాకు బుర్ర లేదు’ అని నిశ్చయించుకున్న పిల్లలను నేను ఎందరినో చూశాను. అందుకే కారణం వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పడాన్ని నేను చికిత్సలో భాగంగానే భావిస్తాను. ఇలాంటి పిల్లల కోసం నాడీవైద్యుడు శామ్యూల్ ఆర్టన్, ఉపాధ్యాయిని ఆనా గిల్లింగ్‌హామ్ 1930లలో రూపొందించిన పద్ధతికి నేటికీ ఎన్నో రూపాలు వాడుకలో ఉన్నాయి. దాని సారమేమిటంటే, ఏదీ దానంతట అదే తెలుస్తుందని వదిలేయకుండా ప్రతిదీ విడమరచి చెప్పడం, తేలికైనదాని నుంచి కష్టమైనదానికి ఒక వరుసలో వెళ్లడం, నిన్నటిది ఈరోజూ వాడుకలో ఉంచడం, చూడడం, వినడం, పలకడం, చేతితో దిద్దడం ఒకే క్షణంలో జరిగేలా చేయడం. అక్షరం మీద వేలితో దిద్దుతూ గట్టిగా పలకడాన్ని మనస్తత్వవేత్త గ్రేస్ ఫెర్నాల్డ్ 1943లో వెలువరించిన పుస్తకంలో వివరంగా చెప్పారు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇసుక పళ్లెం, గరుకు కాగితం, మైనపు ముద్ద ఇవన్నీ పనిముట్లు మాత్రమే. వేలు దిద్దుతుండగా నోరు మౌనంగా ఉండి, కళ్లు కిటికీ వైపు ఉంటే ఆ ఇసుక వల్ల ప్రయోజనం లేదు. రంగు అద్దాలు, రంగు కాగితాలు డిస్లెక్సియాను సరిచేస్తాయని ఎవరైనా చెబితే డబ్బు పెట్టవద్దని ఆ తల్లిదండ్రులను వారించండి. వాటికి నమ్మదగిన ఆధారం లేదు.

ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌ల పద్ధతి ఇంగ్లీషు కోసం పుట్టింది కనుక దాన్ని మన లిపికి ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. ఇంగ్లీషులో కొద్ది అక్షరాలు, వాటి పలుకుబడిలో ఎన్నో చిక్కులు. తెలుగులో పలుకుబడి దాదాపు రాసినట్టే ఉంటుంది, చిక్కంతా రూపాల సంఖ్యలో ఉంది. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కొక్కదానికి పన్నెండు గుణింతపు రూపాలు అనుకుంటే, ఒత్తుల దాకా పోకముందే దాదాపు 400 రూపాలు పిల్లల కంటి ముందు నిలుస్తాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో ఏ ఇబ్బందీ లేని పిల్లలకు కూడా ఈ రూపాలు పూర్తిగా పట్టుబడడానికి మూడు, నాలుగు తరగతుల దాకా పడుతుందని పరిశోధకురాలు సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. కాబట్టి మీ బాబు రెండేళ్లలో గుణింతాల దగ్గర ఆగాడంటే, వాడు తోటివారి దారిలోనే నెమ్మదిగా నడుస్తున్నాడు, దారి తప్పలేదు.

గుణింతం రాగం తీసి చెప్పించడం వల్ల వచ్చేది రాగం. ‘క, కా, కి, కీ’ అంటూ చివరిదాకా తప్పు లేకుండా చెప్పే ఒక అమ్మాయికి ఒకసారి ‘కీ’ ఒక్కటే అట్ట ముక్క మీద రాసి చూపాను. ఆమె మనసులో మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి, నాలుగో చోట ఆగి, అప్పుడు చెప్పింది. ఆమెకు తెలిసింది వరుస, అక్షరం కాదు. అందువల్ల వరుసను పక్కన పెట్టండి. నాలుగైదు హల్లులు, రెండు మూడు గుర్తులు తీసుకుని ఆ కొద్దిపాటితోనే ఎన్ని మాటలు వస్తే అన్ని మాటలు చదివించండి. ‘ప, ల, క, డ, త’ల మీద తలకట్టు, దీర్ఘం, గుడి చాలు, ‘పలక, తల, కల, కాకి, తాత, పాప’ అన్నీ వస్తాయి. మొదటి వారంలోనే మాట చదివానన్న ఆనందం దక్కాలి. ఒకే పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో చెప్పవద్దు. ‘ప, వ, ష, స’లు, ‘మ, య’లు, ‘ద, ధ, థ’లు, ‘బ, భ’లు ఇలాంటివే. మొదటిది కళ్లు మూసుకుని గీయగలిగేంతగా స్థిరపడ్డాకనే రెండోది రావాలి. హ్రస్వ దీర్ఘాల తేడా ఈ పిల్లలకు చాలాకాలం వెంటాడే చిక్కు కనుక దాన్ని ముందు చెవికి చెప్పి ఆ తర్వాత కంటికి చూపాలి. ‘పడు, పాడు’, ‘విడి, వీడి’, ‘కొన, కోన’ వంటి జంటలు పలికి, దీర్ఘం వినిపించినప్పుడు చెయ్యి బల్ల మీద పొడవుగా లాగమనండి. అలాగే మాటల్లోని అక్షరాలతో నోటి ఆటలు ఆడించండి. ‘పలక’లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది? ‘తల’లో ‘ల’కు గుడి పెడితే ఎలా వినిపిస్తుంది? పుస్తకం, పలక లేకుండా వరుసలో నిలబడి ఉన్నప్పుడు కూడా ఆడదగిన ఈ ఆట చదువుకు వేసే పునాదుల్లో ఒకటి.

ఒత్తుల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన పుస్తకాలు దీన్ని మామూలు విషయంలా దాటేస్తాయి. ‘రాత్రి’ అన్న మాట చూడండి. చెవికి వినిపించే వరుసలో త్, ర్, ఇ ఉన్నాయి. కంటికి కనిపించే వరుసలో ‘త’, దాని నెత్తిన గుడి, ఆ తర్వాత కింద ‘ర’ ఒత్తు ఉన్నాయి. కంటికి కనిపించినదాన్ని నమ్మిన పిల్లవాడు ‘రాతిర’ అని చదువుతాడు. అది నిర్లక్ష్యంగా చేసిన తప్పు కానే కాదు, లిపిని శ్రద్ధగా చదివినందుకు వచ్చిన తప్పు. ‘కింద ఉన్న ఒత్తును పలికాకే పైన ఉన్న గుర్తును పలకాలి’ అన్న నియమాన్ని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, వేలును పై అక్షరం నుంచి ఒత్తుకు, ఒత్తు నుంచి గుర్తుకు తిప్పుతూ చదివిస్తే చాలామంది పిల్లల ముఖం విచ్చుకుంటుంది. ఇంకో చిక్కు ఉంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి తల్లి అక్షరాలతో పోలిక దాదాపు కనిపించదు, పైగా మన మాటల్లో పదే పదే వచ్చేవి ఇవే. వీటిని మాత్రం కొత్త అక్షరాల్లాగే ఒక్కొక్కటిగా, ‘అత్త, అన్న, అమ్మ, పిల్లి’ వంటి ద్విత్వాలతో మొదలుపెట్టి చెప్పాలి. సంయుక్తాక్షరాలు ఆ తర్వాతి సంగతి.

ఇక పాప. ‘అల్లరి చేయకుండా కూర్చుంటే చాలు’ అన్న మాటను దయచేసి మీ తరగతి గదిలోకి రానివ్వకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న చాలామంది పిల్లల్లో విన్నది గుర్తుంచుకునే శక్తి కంటే చూసినది గుర్తుంచుకునే శక్తి మెరుగ్గా ఉంటుంది. మాట గాలిలో పలికి మాయమవుతుంది, అచ్చులో ఉన్న మాట అక్కడే నిలిచి ఆమె కోసం ఎదురుచూస్తుంది. అందువల్ల ఈ పిల్లలకు చదువు కొన్నిసార్లు మాటలకు కూడా ఊతమవుతుంది. మాటలన్నీ వచ్చాక చదువు చెబుదామనుకుంటే ఆ ఊతాన్ని దూరం చేసినవారమవుతాము.

ఈ పాపతో అక్షరాల కంటే ముందు ఆమె మనసుకు దగ్గరైన మాటలతో మొదలుపెట్టండి. ఇంట్లోవారి పేర్లు, ఇష్టమైన బొమ్మ, రోజూ చేసే పనులు అలాంటివి. ముందు ఒకేలాంటి రెండు మాటల అట్టలను జత చేయించాలి, తర్వాత ‘అమ్మ ఏది?’ అని అడిగి చూపించమనాలి, చివరగా ‘ఇది ఏమిటి?’ అని చెప్పించాలి. నోటితో చెప్పలేకపోతే వేలితో చూపినా, సైగ చేసినా సరైన సమాధానంగానే ఒప్పుకోవాలి. పలకలేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూసినందువల్లే మాటలు రాని ఎందరో పిల్లలు అక్షరాలకు దూరమయ్యారు. కొత్త మాట చూపినప్పుడు మొదట్లో ఆమె తప్పు చెప్పే అవకాశమే ఇవ్వకుండా మీరే వెంటనే చెప్పండి. రెండు మూడు రోజుల తర్వాత నాలుగైదు సెకన్లు ఆగి, అప్పటికీ రాకపోతే చెప్పండి. ఆ నాలుగైదు సెకన్లు ఉపాధ్యాయులకు చాలా పొడవుగా అనిపిస్తాయి. మౌనాన్ని భరించలేక మనమే నోరు తెరుస్తాము. మనసులో ఐదు దాకా లెక్కపెట్టడం నాకు ఇప్పటికీ పనికివచ్చే ఉపాయం.

అయితే మాటలను బొమ్మల్లా గుర్తుపట్టడం దగ్గరే ఆగిపోకూడదు, తెలుగులో అది బొత్తిగా చాలదు. ‘బడి’ గుర్తుపట్టిన పాప ముందుకు పుస్తకంలో ‘బడికి, బడిలో, బడినుంచి, బడులు’ వస్తాయి. ప్రతి రూపాన్నీ విడిగా గుర్తుంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఇరవై, ముప్పై మాటలు స్థిరపడ్డాక వాటిలోంచే అక్షరాలను విడదీయండి. ‘పాప’లోని ‘పా’, ‘పాలు’లోని ‘పా’ ఒకటేనని ఆమె కంటితో పోల్చి కనిపెట్టిన రోజు నుంచి నిజమైన చదువు మొదలవుతుంది. కత్తెరతో మాటను అక్షరాలుగా ముక్కలు చేయించి మళ్లీ పేర్చడం ఈ పనికి చాలా బాగుంటుంది.

మూడో బాబు చదువు చూసి పెద్దలు మురిసిపోతారు, అందుకే అతని కష్టం అందరికంటే ఆలస్యంగా బయటపడుతుంది. అర్థం కంటే చదవడం చాలా ముందుకు పరుగెత్తే ఈ స్థితికి 1967 నుంచి హైపర్‌లెక్సియా అన్న పేరు వాడుకలో ఉంది. ‘ఏం చదివావు?’ అన్న ప్రశ్న అతనికి అంతులేని ప్రశ్న, దానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. దాని బదులు చదివిన వాక్యాన్ని చేసి చూపించేలా ఇవ్వండి. ‘పుస్తకాన్ని బల్ల కింద పెట్టు’ అని చీటీ రాసి ఇచ్చి, మీరు నోరు మెదపకండి. మూడు బొమ్మలు పెట్టి ఈ వాక్యం దేని గురించో చూపమనండి. ఆ తర్వాత వాక్యాలను జతచేయండి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మన భాషలో కర్తను చెప్పకుండానే వాక్యాలు సాగిపోతాయి. ‘రాము ఇంటికి వచ్చాడు. తాళం తీశాడు. అమ్మ పిలిచింది. పలకలేదు.’ ఇందులో పలకనిది ఎవరు? ఈ ఖాళీని మనం తెలియకుండానే పూరించుకుంటాము, ఆటిజం ఉన్న పిల్లవాడికి అది ఖాళీగానే మిగిలిపోవచ్చు. అలాంటి క్రియల దగ్గర, ‘అతను, ఆమె, అది’ వంటి మాటల దగ్గర ఆపి, ‘ఎవరు?’ అని అడిగి, పేరును పైన పెన్సిల్‌తో రాయించండి. ఆటిజం ఉన్న విద్యార్థులతో 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సర్వనామాలు ఎవరిని సూచిస్తున్నాయో చదువుతూనే గుర్తించేలా చేయడం వల్ల అవగాహన పెరిగింది. పాఠ్యాంశంగా అతనికి ఇష్టమైన విషయాన్నే తీసుకోండి. రైళ్ల గురించి అన్నీ తెలిసిన పిల్లవాడికి రైలు గురించిన పేరాలో ఖాళీలు తక్కువగా ఉంటాయి, అక్కడ నేర్చిన అలవాటును తర్వాత తెలియని విషయానికి తీసుకువెళ్లవచ్చు.

చేతితో రాయించడం గురించి అడిగారు. అక్షరాలు స్థిరపడడానికి చేతిరాత ఉపకరిస్తుంది కనుక రోజూ కొద్దిగా దిద్దించండి. కానీ మనసులోని మాటను కాగితం మీద పెట్టడం వేరే పని, దానికి చేతిరాతను తాళంగా వేయకూడదు. అక్షరాల అట్టలు పేర్చినా, కీబోర్డు మీద కొట్టినా, తాను చెబుతుంటే మీరు రాసి తిరిగి చదివించినా అది రచనే. మీ మొదటి బాబు చెప్పే కథలను అతని మాటల్లోనే రాసి, వాటినే అతనికి పాఠంగా ఇస్తే, తర్వాతి మాట ఏమిటో ముందే తెలిసి ఉండడం వల్ల చదవడం ఎంత తేలికవుతుందో చూస్తారు. నల్లబల్ల మీద ఉన్నదాన్ని చూసి రాయడం మాత్రం తగ్గించండి. అది అర్థం లేకుండానే పూర్తయ్యే పని.

సమయం విషయానికి వస్తే, వారానికి ఒకసారి గంట కంటే రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు ఎంతో మేలు. ఒక విడతలో పది అట్టలుంటే ఎనిమిది తెలిసినవి, రెండు కొత్తవి ఉండేలా చూస్తాను నేను. ప్రతి బిడ్డకు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, వరుస కలిపేసి చూపినా మూడు రోజులు వరుసగా సరిగ్గా చదివిన అక్షరాన్నే వచ్చినట్టు రాసుకోండి. నాలుగు వారాలకు ఆ జాబితా పెరగకపోతే మన పద్ధతిలో ఏదో మార్చాలని గుర్తు. మిగతా తరగతికి అన్యాయం జరుగుతుందన్న శంక అక్కరలేదు. నోటి ఆటలు, ఒత్తుల నియమం, ‘ఎవరు?’ అన్న ప్రశ్న అందరు పిల్లలకూ పనికివచ్చేవే, వాటిని తరగతి మొత్తానికీ చేయవచ్చు.

తల్లిదండ్రులకు నిజమే చెప్పండి. డిస్లెక్సియా ఉన్న బాబు చదువుతాడు. తప్పులు ముందు తగ్గుతాయి, వేగం మాత్రం పెద్దయ్యాక కూడా తోటివారి కంటే తక్కువగా ఉండవచ్చు. అందుకే పాఠాలను గొంతుతో చదివి వినిపించే సాధనాలను ఇప్పటి నుంచే ఇవ్వాలి, వాటివల్ల చదవడం మానేస్తాడేమో అన్న భయంతో తెలివైన పిల్లవాడిని జ్ఞానానికి దూరంగా ఉంచకూడదు. పాప ఎంతవరకు చదువుతుందో ఏ పరీక్ష అంకె చూసీ ముందే చెప్పలేము. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో పుస్తకాలు చదివేవారు ఉన్నారు, పేర్లు, సూచనలు, చిన్న సందేశాలు చదువుకునే దాకా వచ్చి దానితోనే తమ పనులు తాము చేసుకునేవారూ ఉన్నారు. బోధన ఆపకపోతేనే ఆమె ఎంతవరకు వెళుతుందో తెలుస్తుంది. మూడో బాబు తల్లిదండ్రులను అతను ఎంత వేగంగా చదివాడో మెచ్చుకోవడం మాని, చదివినదాన్ని ఎంత చేసి చూపాడో మెచ్చుకోమనండి.

రేపు మాత్రం పాఠమేమీ చెప్పవద్దు. ఇరవై అట్టల మీద హల్లులు, గుణింతపు రూపాలు కలగాపులగంగా రాసి, మొదటి బాబుతోనూ పాపతోనూ విడివిడిగా ఐదు నిమిషాలు కూర్చోండి. తప్పు చెప్పినప్పుడు దిద్దకండి, ఏ అక్షరానికి ఏమన్నారో అలాగే రాసుకోండి. మూడో బాబుకు ఆరు చీటీల మీద ఆరు పనులు రాసి ఇచ్చి ఎన్ని చేశాడో గమనించండి. ఆ మూడు కాగితాలు నాకు పంపితే, ఒక్కొక్కరికి తర్వాతి నాలుగు వారాల పాఠం ఎలా ఉండాలో ఇద్దరం కలిసి రాసుకుందాం.